వజ్రాలు తిన్న రాళ్ళు

పోయిన నెలలో మా వంటింట్లో రెండు టైల్సు లేచిపోతే ఓనరు ఒక మేస్త్రీని పంపాడు. మాది బర్ దుబాయ్‌లో పాత బిల్డింగు. ఏడాదికి ఏదో ఒకటి లేస్తూనే ఉంటుంది. మేస్త్రీ టైలు కోసి, కోసిన అంచుని ఒక నల్లటి రాయితో రుద్దుతున్నాడు. టీ ఇవ్వడానికి వెళ్ళి ఆ రాయి వంక చూశాను.

"భాయ్, మీ రాయి నడుమ గుంత పడింది" అన్నాను హిందీలో.

ఆయన రాయిని తిప్పి చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు. మళ్ళీ రాయిని చూసుకున్నాడు.

"మీకెలా తెలుసు మేడం?" అన్నాడు.

ఎలా తెలుసో చెప్పాలంటే ఒక మనిషి గురించి చెప్పాలి. మేస్త్రీకి ఇంకో ఇంట్లో పనుంది. అందుకని ఆయనకి చెప్పలేదు.

రెండు వేల ఇరవై ఒకటిలో నేను అల్ కుసైస్‌లో ఒక సెంట్రల్ కిచెన్‌లో స్టోర్స్ చూసేదాన్ని. స్కూళ్ళకీ, ఆఫీసులకీ అక్కడినుంచి భోజనాలు వెళ్ళేవి. నలభైమంది వంటవాళ్ళు. నాకో చిన్న గది, గదికో కిటికీ, కిటికీ ముందు ఒక బల్ల. ఎవరికి ఏం కావాలన్నా ఆ కిటికీ దగ్గరికి రావాలి. అందరి మొహాలకీ మాస్కులు, తలలకి వల టోపీలు. ఎవరు ఎవరో గొంతుని బట్టి తెలుసుకోవాల్సిందే. నేను చెప్పే ఆ మనిషిని మాత్రం ఎడమ చేతిని బట్టి గుర్తుపట్టేదాన్ని. కుడి ముంజేతి నిండా దట్టంగా వెంట్రుకలు, ఎడమ ముంజేయి చంటిపిల్లల చేయిలా నున్నగా ఉండేది. ఆయన అక్కడ కత్తులు నూరే మనిషి. నూరిన ప్రతి కత్తినీ ఎడమ చేతి మీద ఆనించి చూసుకునేవాడు. వెంట్రుక తెగితే పదును కుదిరినట్టు. వంటశాలలో వెంట్రుకలు గీయడమేమిటని హైజీన్ ఆఫీసరు కేకలేసిన దగ్గర్నుంచి, వెనక గుమ్మం దాటి, బయట ఎండలో నిలబడి, గీసి చూసుకుని వచ్చేవాడు. ఆ చేతి మీద కొత్త వెంట్రుక మొలవడానికి తీరిక దొరికేది కాదు.

మొదటిసారి కిటికీ దగ్గరికి వచ్చినప్పుడు ఏం కావాలో చెప్పలేదు. చొక్కా జేబులోంచి అరడుగు స్టీలు స్కేలు తీసి, నా బల్ల మీద నిలువుగా ఆనించి, మోకాళ్ళు వంచి, స్కేలు కిందనుంచి వెలుతురు వస్తోందేమోనని చూశాడు.

"మేడం, నీ బల్ల నడుమ లోతున్నది" అన్నాడు.

ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. మేడం అంటూనే నువ్వు అనేవాడు. మాది రాజమండ్రి. మొదటి వారం నాకది కాస్త గుచ్చుకుంది. తర్వాత ఆయన పెద్ద షెఫ్‌ని కూడా అలాగే పిలుస్తాడని తెలిసింది. హిందీలో సార్ అంటూనే తుమ్ అనేవాడు.

"ఏం కావాలి అన్నా?"

"పెన్సిలు."

"కత్తులకి పెన్సిలెందుకు?"

"కత్తులకు కాదు, రాళ్ళకు."

ఆయన దగ్గర మూడు సానరాళ్ళు ఉండేవి. ఒకటి గరుకుది, ఒకటి నడిమిది, ఒకటి సన్నది. నీళ్ళలో నానబెట్టి వాడేవాడు. రోజూ ముప్పై ఆరు కత్తులు వాటి మీద తిరిగేసరికి వారంలో రాయి మధ్య భాగం అరిగి, పళ్ళెంలా గుంత పడేది. గుంత పడిన రాయి మీద నూరితే కత్తి అంచు కూడా గుండ్రంగా తిరిగిపోతుంది. అందుకని రాయిని మళ్ళీ సాపు చెయ్యాలి. రాయి మొహం మీద పెన్సిలుతో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి రుద్దితే ఎత్తున్న చోట గీతలు పోతాయి, లోతున్న చోట ఉండిపోతాయి. మొత్తం గీతలన్నీ పోతే రాయి సాపైనట్టు. ఇదంతా ఆ మొదటి రోజే, నా వెనక బియ్యం బస్తాలు దింపుతున్నవాళ్ళు అరుస్తుంటే, తాపీగా చెప్పాడు.

ఒకసారి మొద్దు పెన్సిలు ఇచ్చాను. మర్నాడు దాన్ని చెక్కి తెచ్చి ఇచ్చాడు. దానితో నేను రాయబోతే కాగితానికి చిల్లు పడింది. ఆ తర్వాత ఆఫీసులో వాళ్ళందరూ పెన్సిళ్ళు నా చేతికిచ్చి ఆయన దగ్గరికి పంపేవాళ్ళు. కానీ కత్తి పదును కాగితం మీద చూపించమంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "కాగితం సరస్వతి గద మేడం" అనేవాడు. టమాటా మీద చూపించేవాడు. కోసిన టమాటాలు పారెయ్యడం ఇష్టంలేక ఉప్పు చల్లుకుని తినేసేవాడు. మధ్యాహ్నం మెస్‌లో ఆయన కంచంలో ఎప్పుడూ కాస్త అన్నమే ఉండేది. అందరూ పాపం అనుకునేవాళ్ళు.

ఎవరైనా వచ్చి కత్తి అందిస్తే ముందు "ఏం కోస్తవ్?" అని అడిగేవాడు. చికెన్‌కి ఒక పదును, కొత్తిమీరకి ఒక పదును. అన్నీ కోస్తానన్నవాడి కత్తిని పక్కన పెట్టి, "మంచిగ ఆలోచించుకొని రా" అని పంపేసేవాడు. కిచెన్‌లో ఆయన్ని పత్థర్ భాయ్ అనేవాళ్ళు, రాళ్ళన్న అని.

వచ్చిన చిక్కల్లా వజ్రాలతో వచ్చింది.

రాళ్ళని సాపు చెయ్యడానికి డైమండ్ ప్లేటు అని ఒకటి ఉంటుంది. ఉక్కు పలక మీద వజ్రాల రజను అతికించి ఉంటుంది. ఒకరోజు ఆయన ఇచ్చిన చీటీలో "డైమండ్ ప్లేటు, ఒకటి" అని ఉంది. ఆ చీటీ పట్టుకుని మా మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఆయన్ని అందరూ అరబీలో ముదీర్ అనేవాళ్ళు. మంచాయనే గానీ ఎవరు జోకు వేసినా అది నిజమేనా అని విచారించే రకం. చీటీని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "కిచెన్‌లో వజ్రాలెందుకు?" అన్నాడు. నేను విన్నదంతా అప్పజెప్పాను. పెద్ద షెఫ్ కూడా కావాలనడంతో సంతకం పెట్టాడు.

ప్లేటు వచ్చినరోజు నా కిటికీ ముందు పదిహేను మంది పోగయ్యారు. అట్టపెట్టె విప్పి చూస్తే, బూడిద రంగులో, గరుకు కాగితంలా ఒక పలక. చపాతీ సెక్షన్‌లో ఉండే నెల్లూరాయన ఫోన్ అప్పటికే తెరిచి పట్టుకున్నాడు. "ఇదేనా? మా ఆవిడకి ఫోటో పంపుదామనుకున్నా" అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆయన ఆ ప్లేటుని గుడ్డలో చుట్టి, చంకలో పెట్టుకుని వచ్చాడు. బల్ల మీద పెట్టి విప్పాడు.

"వేలు పెట్టి చూడు మేడం."

పెట్టాను. కంచంలా నున్నగా ఉంది.

ఇంకో ప్లేటు కావాలని రెండో చీటీ పైకి వెళ్ళింది. ఈలోగా కిచెన్‌లో ఎవరో, పత్థర్ భాయ్ వజ్రాలన్నీ గీకి డేరాలోని బంగారం బజారులో అమ్మేశాడట అని జోకు వేశారు. ఆ జోకు మెట్లెక్కి ముదీర్ గదిలోకి వెళ్ళేసరికి జోకుగా మిగల్లేదు. ముదీర్ పత్థర్ భాయ్‌ని పిలిపించి, వజ్రాలెక్కడికి పోయాయని నా ఎదురుగానే అడిగాడు.

"డైమండ్ కిధర్ గయా?"

"గయా సార్" అన్నాడు ఆయన.

రెండు రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని హుకుం. ఆయనకి ఇంగ్లీషు రాదు. మర్నాడు టీ టైములో నా గదిలోకి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను కాగితం ముందు పెట్టుకున్నాను.

"రాయి మేడం" అన్నాడు.

"చెప్పండి."

"రాయి తిన్నది."

"ఏమిటి?"

"వజ్రాలను రాయి తిన్నది. గంతే. గదే రాయి."

"రాయి తిన్నదని రాయాలా?"

"ఆఁ. రాయి తిన్నదని రాయి."

నాకు నవ్వు ఆగలేదు. ఆయనకి ఎందుకో అర్థం కాక నా వంక చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి మాస్కు కదిలింది, తనలో తాను ఆ మాట ఇంకోసారి అనుకున్నట్టున్నాడు. మాస్కు పైన కళ్ళు చిన్నవైపోయాయి. అప్పటికి ఆరు నెలలుగా తెలిసిన మనిషి నవ్వడం నేను చూడటం అదే మొదలు.

తర్వాత నెమ్మదిగా వివరించాడు. "గరుకు రాయిని రుద్దితె దాన్ల కెల్లి ఇసుక లెక్క లేస్తది మేడం. గా ఇసుక వజ్రాల కాళ్ళ కింద మట్టి తీసినట్టు తీస్తది. వజ్రం అరగలే. దాన్ని పట్టుకున్నది ఊడింది. నీళ్ళల్ల కొట్టుకపోయింది. తప్పు నాదే. గరుకు రాయిని దాని మీద రుద్దద్దుండె. నాకు ఎరుక లేకుండె."

తప్పు తనదేనన్న మాట రాయొద్దని నేనన్నాను. రాయమని ఆయన పట్టుబట్టాడు. చివరికి, గరుకు రాళ్ళ వాడకం వల్ల వజ్రాలు ఊడి, కడిగిన నీళ్ళతో సింకులోకి పోయాయనీ, అది తన పొరపాటనీ ఇంగ్లీషులో రాశాను. ఆయన కింద తెలుగులో సంతకం పెట్టాడు. అక్షరాలన్నీ ఒకే ఎత్తు.

ముదీర్ ఆ ఉత్తరం చదివి ప్లంబరుని పిలిపించాడు.

సింకు కింద పైపు విప్పించాడు. అరబకెట్టు బూడిద రంగు బురద, రెండు చెంచాలు, ఒక ఉంగరం దొరికాయి. ఉంగరం చూడగానే అందరం ముందుకి వంగాం. అది సలాడ్ సెక్షన్ ఆయనది, ఎర్ర గాజురాయి, పోయిందని ఏడాది నుంచీ బాధపడుతున్నాడు. ఆయన సంబరంగా ఉంగరం తీసుకుని వెళ్ళిపోయాడు. ముదీర్ మాత్రం చేతికి గ్లవుజు తొడుక్కుని, ఆ బురద కొంచెం తీసి, ట్యూబులైటు దగ్గరికెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. మెరుస్తోందా అంటే కొద్దిగా మెరుస్తోంది. ఆ మెరుపు చూసి ఆయన మొహంలో కోపం పోయి దిగులు వచ్చింది.

రెండో ప్లేటుకి సంతకం పెట్టాడు గానీ షరతులు పెట్టాడు. ప్లేటు నా బీరువాలో తాళం వేసి ఉండాలి. వాడినప్పుడల్లా సంతకం చేసి తీసుకెళ్ళాలి. కనీసం ఏడాది రావాలి. రాకపోతే మెషిన్‌తో కత్తులు నూరే కాంట్రాక్టరు ఒకతను ఉన్నాడు, అతన్ని పిలుస్తారు. అప్పుడిక కత్తులకంటూ ఒక మనిషి అక్కర్లేదు.

"మెషినోడు వస్తె నా వీసా ఖలాస్ మేడం" అన్నాడు ఆయన కిటికీ దగ్గర. మామూలుగానే అన్నాడు. అంటూ నా బల్ల మీద వేలితో రుద్దుతున్నాడు.

ఆ నెలంతా, ప్లేటు ముట్టకుండా రాళ్ళు సాపు చేసే ఉపాయం కోసం వెతికాడు. ముందు రెండు రాళ్ళని ఒకదానితో ఒకటి రుద్దాడు. మూడో రోజు వచ్చి, "రెండు రాళ్ళు రుద్దితె ఆలుమొగల లెక్క అయితున్నయి మేడం. ఒకటి ఉబ్బుతున్నది, ఇంకోటి గుంత పడుతున్నది. మూడోది నడుమకు వస్తెనే సాపైతయి" అన్నాడు. మూడింటినీ మార్చి మార్చి రుద్దితే నిజంగానే సాపయ్యాయి. కానీ గరుకు రాయి గింజలు సన్న రాయిలో దిగబడి, దాని మీద నూరిన కత్తులకి గీతలు పడ్డాయి. అది మానేశాడు.

తర్వాత నేల మీద పడ్డాడు. ఒక సాయంత్రం నేను మెట్రోకి నడిచి వెళుతుంటే పక్క గోదాము ముందు కాంక్రీటు అరుగు మీద గొంతుకూర్చుని, నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని రాయి రుద్దుతున్నాడు. గోదాము సెక్యూరిటీ, ఒక ఆరడుగుల పఠాన్, పైన నిలబడి ఉన్నాడు.

"ఇక్కడ ఏం చేస్తున్నావు?" అన్నాడు పఠాన్ ఉర్దూలో.

"రాయి సాపు చేస్తున్న."

"మా అరుగు అరిగిపోతుంది."

ఆయన జేబులోంచి స్కేలు తీసి అరుగు మీద ఆనించాడు. "మీ అరుగే సాపుగ లేదు భాయ్. వంగి చూడు. దీని మీద నా రాయి పాడైతది. నేనే పోతున్న" అన్నాడు. పఠాన్ నిజంగానే తుపాకీలాంటి తన పొడుగు లాఠీ గోడకి ఆనించి, వంగి, ఒక కన్ను మూసి స్కేలు కిందకి చూశాడు. "సహీ బోలా" అన్నాడు. నేను బస్టాపు దాటేసరికి ఇద్దరూ అరుగంతా స్కేలు పెట్టి కొలుస్తున్నారు.

చివరికి దారి దొరికింది. పాడైపోయిన ఫ్రిజ్ తలుపుది మందపాటి అద్దం ఒకటి స్క్రాపులో ఉంటే అడిగి తీసుకున్నాడు. అద్దమంత సాపు ఇంకేదీ ఉండదని ఆయన లెక్క. సెలవురోజు నైఫ్ అనే పేటకి వెళ్ళి సందుసందూ తిరిగి, గ్రానైటు పాలిష్ చేసేవాళ్ళు వాడే నల్లటి గరుకు పొడి కొనుక్కొచ్చాడు. అద్దం మీద చిటికెడు పొడి, నాలుగు చుక్కల నీళ్ళు వేసి, రాయిని గుండ్రంగా రుద్దితే, అరిగేది పొడే గానీ వజ్రాలు కావు. గరుకు రాయికీ, నడిమి రాయికీ అద్దమే. సన్న రాయికి మాత్రం, అదీ అద్దం మీద పని అయిపోయాక, చివర్లో డైమండ్ ప్లేటు మీద పది రుద్దులు. పొడి డబ్బా చూసి ఎవరైనా మిరియాలనుకుంటారేమోనని హైజీన్ ఆఫీసరు గోల చేస్తే, "ఇది తినేది కాదు" అని నాలుగు భాషల్లో చీటీ రాసి అంటించాను.

ఆ తర్వాత రోజూ నాలుగింటికి వచ్చేవాడు. సంతకం పెట్టి ప్లేటు తీసుకుని, నా గది పక్కనున్న కుళాయి కిందే పని కానిచ్చేవాడు. ముందు రాయిని బాగా కడిగి, ఒక్క పొడి గింజ కూడా లేకుండా చూసుకునేవాడు. ధార కిందే రుద్దేవాడు. పది అంటే పదే. నేను లోపలినుంచి లెక్కపెట్టేదాన్ని. ఒకసారి నన్నూ రుద్ది చూడమన్నాడు. నేను గట్టిగా నొక్కాను.

"బరువు పెట్టొద్దు మేడం" అన్నాడు. "పండుకున్న బిడ్డ మీద చెయ్యేస్తం చూడు, గట్ల."

ఏడాది గడిచింది. ముదీర్ స్వయంగా బొటనవేలితో ప్లేటు రుద్ది చూసి, చురుక్కుమంటే వేలు చీకుతూ బాగుందన్నాడు. బాగుందన్న నెలకే కాంట్రాక్టరు వచ్చాడు. హెడ్డాఫీసులో ఎవరో మెషిన్ పనిని చూసి ముచ్చటపడ్డారట. షరతు నెగ్గిన మనిషిని ఉల్లిపాయల సెక్షన్‌కి మార్చారు. ముదీర్ నాతో, "నేనేం చెయ్యను, పైవాళ్ళు" అన్నాడు. ఆ మాట పత్థర్ భాయ్‌కి చెప్పలేకపోయాడు.

కత్తులు అప్పజెప్పే ముందు ఆయన నా దగ్గర రెండు పెన్సిళ్ళు, కాస్త అట్ట అడిగి తీసుకున్నాడు. ముప్పై ఆరు కత్తుల్నీ ఒక్కొక్కటే అట్ట మీద పెట్టి, చుట్టూ గీత గీసుకున్నాడు. ఏ అట్ట ఏ కత్తిదో నంబరు వేసుకున్నాడు. ఎందుకన్నా అంటే, "గుర్తుకు" అన్నాడు. నేను పాపం అనుకున్నాను.

రెండు నెలలు కళ్ళలో నీళ్ళు కారుస్తూ ఉల్లిపాయలు ఒలిచాడు. మెషిన్ కత్తులు మొదట్లో బాగానే తెగేవి, అది ఒప్పుకోవాలి. గంటలో ముప్పై ఆరూ నూరి, నిప్పురవ్వలు చిమ్ముకుంటూ వెళ్ళిపోయేవాడు అతను. ఒకరోజు మధ్యాహ్నం ఆయన అట్టల కట్ట, అయిదారు కత్తులు పట్టుకుని, నన్ను కూడా రమ్మని ముదీర్ గదికి వెళ్ళాడు. టేబులు మీద అట్ట పరిచి, గీతలో కత్తి పెట్టాడు. గీతకీ కత్తి అంచుకీ మధ్య ఖాళీ ఉంది. బియ్యపు గింజ అడ్డంగా పట్టేంత. రెండో కత్తి పెట్టాడు. అంతే. చేపల సెక్షన్ కత్తికైతే మొన కూడా లేదు.

"సార్, లోహా కిధర్ గయా?" అన్నాడు.

వెటకారం లేదు ఆ గొంతులో. ముదీర్ అడిగినప్పుడు ఎలా అడిగాడో, అలాగే అడిగాడు. ముదీర్ ఒక్కొక్క కత్తే తీసి, మళ్ళీ పెట్టి, చూస్తూ ఉండిపోయాడు. ఆ ఆలోచించే వ్యవధిలో ఆయన చెయ్యి ఊరుకోలేదు. స్కేలు తీసి, ముదీర్ కొత్త టేబులు మీద ఆనించి, వంగి చూశాడు. కింద వెలుతురు వచ్చింది. నాకూ కనిపించింది. కానీ ఈసారి ఆయన స్కేలు జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇలా అయితే ఏడాదికి కత్తులుండవు" అన్నాడు ముదీర్ చివరికి.

"ఉంటయి సార్. పిడులు ఉంటయి."

ముదీర్ ఆ అట్టల్ని హెడ్డాఫీసుకి తనే మోసుకెళ్ళాడు. మరుసటి నెల కాంట్రాక్టరు రాలేదు. ఆయన తన రాళ్ళ దగ్గరికి తిరిగి వచ్చినరోజు, ఉల్లిపాయల సెక్షన్ వాళ్ళు ఒక్క ఉల్లిపాయని కాగితమంత పల్చగా కోసి, పళ్ళెంలో పరిచి పంపారు. ఉప్పు చల్లుకుని తిన్నాడు.

ఇంకో ఏడాదిన్నర చేశాడు. తర్వాత, పాత పెద్ద షెఫ్ రస్ అల్ ఖైమాలో ఏదో హోటల్లో చేరి, కత్తుల మనిషి కావాలని కబురు పెడితే వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందురోజు ప్లేటు అప్పజెప్పడానికి వచ్చాడు. నేను అప్పుడు, ఇన్నాళ్ళూ సిగ్గుపడి తేనిది, మా ఇంటి కత్తి సంచీలోంచి తీశాను. సూపర్‌మార్కెట్‌లో కొన్నది. మొద్దుబారినప్పుడల్లా కాఫీ కప్పు అడుగున రుద్దుకునేదాన్ని. ఆయన దాన్ని వెలుతురులోకి ఎత్తి చూసి, అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆనించాడు.

"ఏం కోస్తవ్ మేడం?"

"అన్నీ" అన్నాను.

నన్ను ఆలోచించుకుని రమ్మనలేదు. ఎదుటే కూర్చుని నూరాడు. మూడు రాళ్ళ మీదా నూరాడు. ఎడమ చేతి మీద ఆనించి చూసుకుని, న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇచ్చాడు.

"మూడు దినాలు జర పైలం. నీ చెయ్యి మొద్దు కత్తికి అలవాటు పడ్డది. నొక్కుతవ్."

మర్నాటి సాయంత్రం టమాటా మీద నొక్కాను. ఎడమ చూపుడువేలు తెగింది. బ్యాండేజీ చుట్టుకుని, ఫోటో తీసి ఆయనకి వాట్సాప్ చేశాను. అప్పటికి కొత్త లేబర్ క్యాంపు గదిలో సామాను సర్దుకుంటున్నాడేమో, కాసేపటికి ఫోన్ చేశాడు.

"మేడం, తెగుడు సక్కగ తెగిందా, చీరుకపోయిందా?"

చూసుకుని చెప్పాను. సన్నగా, గీత గీసినట్టు తెగిందన్నాను.

"అయితె ఫికర్ చెయ్యకు. రెండు దినాలల్ల అతుక్కుంటది" అన్నాడు. "కత్తి మంచిగున్నదా?"

మంచిగున్నదన్నాను. తృప్తిగా ఫోన్ పెట్టేశాడు. అన్నట్టే రెండు రోజుల్లో వేలు అతుక్కుంది. ఎప్పుడైనా ఆ గీత కోసం వేలు వెలుతురులో తిప్పి చూసుకుంటాను. ఏమీ కనిపించదు.